ఆకు వెనక మీసాలు

ఆ ప్రెస్సు శాంపిల్ ఆల్బమ్‌లో మొదటి పేజీ పెద్దకోడలిది. అలాగని ఎవరూ రాసివ్వలేదు గానీ, ఆమె ఆ ఇంట్లో కాలుపెట్టి, కింద డిజైన్ గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న ఏడాది నుంచీ ఆ పేజీలో ఆమె గీసిన తీగ బొమ్మే ఉంది. అట్టపెట్టెకు అంచు కావాలని ఎవరొచ్చినా, విజిటింగ్ కార్డు మూలన పువ్వు కావాలని ఎవరొచ్చినా, మామగారు ముందు కళ్ళజోడు తుడుచుకుని, తర్వాత ఆల్బమ్ తెరిచి, "ఇది మా పెద్దమ్మాయి చేతి పని" అనేవారు. ధరల సంగతి ఆ తర్వాతే. అద్దం తలుపు అవతల నుంచి ఆ మాట వినపడినప్పుడు ఆమె తలెత్తేది కాదు. మౌస్ మాత్రం కాసేపు కదిలేది కాదు.

పైన ఇల్లు, కింద ప్రెస్సు. వెనక హాల్లో మిషన్లు, ముందు గదిలో మామగారి బల్ల, మధ్యలో ఇరుకుగా డిజైన్ గది. ఆమె పుట్టింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. చదివింది లెక్కలు. బొమ్మల సాఫ్ట్‌వేర్ ఆమెకు ఎవరూ నేర్పలేదు. తప్పులు చేసి, మామగారు చూసేలోపు చెరిపేసి, తనకు తానే నేర్చుకుంది. అందులో బ్రష్ అంటే మనం అనుకునే కుంచె కాదు, ముద్ర లాంటిది. ఒక ఆకునో పువ్వునో కాగితం మీద నల్లగా గీసి, స్కాన్ చేసి, బ్రష్‌గా దాచుకుంటే, మౌస్ లాగిన దారంతా ఆ ఆకులే వరసగా పడతాయి. బొమ్మలో నలుపు ఉన్నచోట రంగు పడుతుంది, తెలుపు ఉన్నచోట ఏమీ పడదు. లేత బూడిదరంగు ఉంటే మాత్రం అది కూడా లేతగా పడుతుంది. అసలు ఇబ్బందంతా అక్కడే ఉంది.

ఎందుకంటే ప్రెస్సు వాళ్ళకు తెల్లకాగితం మీద చిత్తు బొమ్మ గీయాలంటే చేతులు రావు. అచ్చులో పాడైన షీట్లు గదుల నిండా ఉంటాయి. వాటి వెనకవైపు గీసుకోవడమే అలవాటు. చిన్నపిల్లల లెక్కల దగ్గర్నుంచి సరుకుల చీటీ దాకా ఆ ఇంట్లో అన్నీ పాడైన షీట్ల వెనకే. కానీ అలాంటి కాగితాన్ని స్కాన్ చేస్తే, అవతలివైపు అచ్చు నీడలా ఇవతలికి కనపడుతుంది. మామూలు కంటికి ఆనదు. బ్రష్‌లోకి మాత్రం చక్కగా ఎక్కి కూర్చుంటుంది.

దీనికి పెద్దకోడలు ఒక ఉపాయం కనిపెట్టింది. స్కానర్ గాజు మీద కాగితం బోర్లించి, దాని వీపు మీద ఒక నల్ల అట్ట కప్పి, అప్పుడు మూత వేస్తుంది. వెనకంతా నల్లగా ఉంటే అవతలి అచ్చు తేలదు. తర్వాత కాగితం రంగును కాస్త తెలుపుకు లాగితే చాలు, ఆకు ఒక్కటే మిగులుతుంది. ఈ అట్ట సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మొదట్లో చెప్పడానికి ఎవరూ లేరు. తర్వాత మరిదికి పెళ్ళయి చిన్నకోడలు వచ్చింది.

మొదట్లో పెద్దకోడలు సంబరపడింది. గదిలో మాట్లాడే మనిషి వచ్చిందని పక్కన కుర్చీ వేయించింది, చేయి పట్టుకుని మౌస్ పట్టడం నేర్పింది. బ్రష్ ఎలా చేయాలి, రెండు ఆకుల మధ్య ఎడం ఎంత ఉండాలి, అన్నీ చెప్పింది. ఆ పిల్ల నీళ్ళు తాగినంత సులువుగా నేర్చుకుంది. నేర్చుకున్నది ఊరుకోకుండా, కంటికి కనపడినదాన్నల్లా స్కానర్ మీద పెట్టడం మొదలుపెట్టింది. అత్తగారి దువ్వెన పెట్టి దాని పళ్ళతో ఒక అంచు చేసింది. మెలితిరిగిన దారం పెట్టి ఇంకో అంచు. పేర్లు కూడా అలాగే. పెద్దకోడలి బ్రష్‌లు 'తీగ ఒకటి', 'తీగ రెండు' అని బుద్ధిగా ఉంటాయి. ఈ పిల్లవి చూస్తే 'అత్తయ్య దువ్వెన', 'మామయ్య మీసం', 'మిషన్ బాబాయి కళ్ళజోడు'. వెనక హాల్లో మిషన్ నడిపే పెద్దాయన తన కళ్ళజోడు ఒక బట్టలకొట్టు సంచీ చుట్టూ అంచై తిరగడం చూసి, వచ్చిన ప్రతివాడికీ చూపించుకున్నాడు.

ఇంట్లో అందరి పేరా బ్రష్‌లున్నాయి. పెద్దకోడలి పేర లేదు. ఆమె అడగలేదు. చిన్నకోడలు లేనప్పుడు ఆ పేర్ల వరస పై నుంచి కింది దాకా ఒకసారి చూసుకుంది, అంతే.

ఒకరోజు ఆమె తీగ చుట్టూ ఆకులు పెడుతుంటే చిన్నకోడలు వెనక నిలబడి చూసింది.

"అదేంటక్కా, ఒక్కో ఆకూ చేత్తో తిప్పుతున్నారు? ఇక్కడ ఇది పెట్టుకుంటే గీత ఎటు తిరిగితే ఆకూ అటే తిరుగుతుంది."

పెద్దకోడలికి గుండెల్లో రాయి పడింది. ఇన్నేళ్ళుగా ఒక్కో మలుపు దగ్గరా ఒక్కో ఆకునూ తనే తిప్పుకుంటూ వచ్చింది. అలాంటి వీలు ఒకటుందని ఆమెకు తెలియదు.

"తెలుసు," అంది. "చేత్తో తిప్పితేనే నాకు తృప్తి."

"అవునులెండి. చేత్తో చేసినదాని అందమే వేరు," అంది చిన్నకోడలు. వెక్కిరింపు కాదు, నిజంగానే నమ్మింది. అదే పుండు మీద కారం చల్లినట్టయింది. వెక్కిరించి ఉంటే రెండు మాటలని తేలికపడేది.

ఆ సాయంత్రం భర్త కాళ్ళు చాపుకుని కూర్చుని, "మరదలు చేసిన ఆకు చూశావా? నిజంగా కదులుతున్నట్టే ఉంది," అన్నాడు.

"కదలదు. కాగితం మీద ఏదీ కదలదు."

అతను ఆమె ముఖం చూశాడు. "సరే, కదలదు," అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

అప్పటి నుంచి ఆమె నల్ల అట్టను సొరుగులో అన్నిటికంటే అడుగున పెట్టడం మొదలుపెట్టింది. చిన్నకోడలు పైకి వెళ్ళినప్పుడే స్కాన్ చేసేది. ఒక్కోసారి అట్టను స్కానర్‌లోనే వదిలేశానేమోనని సగం మెట్లెక్కి, కంగారుగా దిగివచ్చి చూసేది. అట్ట సొరుగులోనే ఉండేది. తన జాగ్రత్తకు తనే మురిసిపోయేది.

ఇలా ఉండగా సబ్బుల మేడమ్ వచ్చింది. ఇంట్లో సరదాగా సబ్బులు చేయడం మొదలుపెట్టి, ఇప్పుడు షెడ్డు వేసి మనుషుల్ని పెట్టుకున్న మనిషి. సబ్బు పెట్టెల మీదికి అంచు కావాలంది. మామగారు అద్దం తలుపు తెరిచి లోపలికి తొంగిచూశారు.

"పెద్దమ్మాయ్, చిన్నమ్మాయ్, ఇద్దరూ తలొకటి చేయండి. ఆవిడకు ఏది నచ్చితే అది పెట్టె మీదికి. ఆల్బమ్ మొదటి పేజీకి కూడా అదే వేద్దాం. ఆ పేజీ పాతబడిపోయింది, అంచులు కూడా నలిగాయి."

ఆయన అన్నది కాగితం సంగతి. పెద్దకోడలికి మాత్రం అది తన సంగతిలా వినపడింది. కొంగుతో ముఖం తుడుచుకుని, "అలాగే మామయ్యా," అంది.

ఆమె తీగ గీసింది. ఎప్పటిలాగే శుభ్రంగా, ముడి దగ్గర సన్నబడుతూ, కొస దగ్గర చుట్టుకుంటూ. గీస్తున్నంతసేపూ చూపు మాత్రం పక్క కంప్యూటర్ మీదే. చిన్నకోడలు సిరాతో ఒకే ఒక్క ఆకు గీసింది. కాడ కొంచెం వంకర, ఒక పక్క కొరికినట్టు చిన్న నొక్కు. అలాంటి ఆకును అంచులో ఎవరు పెడతారు, అనుకుంది పెద్దకోడలు. కానీ ఆ ఆకు వరసగా పడుతుంటే, నొక్కు ఒకసారి పైకి, ఒకసారి కిందికి వచ్చి, అంచంతా గాలికి ఊగినట్టయింది. ఆమెకు నోరు చేదయింది.

"అక్కా, ఒకసారి చూసి చెప్పండి. రేపు మేడమ్‌కు చూపించడానికి ప్రూఫ్ తీస్తారట," అంది చిన్నకోడలు. అంతలో పైనుంచి అత్తగారు పిలిస్తే, "ఇప్పుడే వస్తా, చూస్తూ ఉండండి," అని మెట్లెక్కింది.

కొత్త బ్రష్ చేసినప్పుడల్లా దాన్ని తెల్ల పేజీ మీద ఒకేచోట ఆపకుండా రుద్దడం పెద్దకోడలికి అలవాటు. ఒక్కసారికి కనపడని మురికి పదిసార్లు ఒకదాని మీద ఒకటి పడితే బయటికి వస్తుంది. ఆమె కుర్చీ జరుపుకుని ఆ ఆకును రుద్దింది. ఆకు నల్లబడింది. దాని పక్కన తెల్లగా ఉండాల్సిన చోట మసక తేలింది. మసకలోంచి రెండు పొడుగాటి సన్నని గీతలు వంపు తిరిగి బయటికి వచ్చాయి. వాటి కింద ముళ్ళు ముళ్ళుగా ఒక కాలు.

ఆమె బల్ల మీద పడి ఉన్న చిన్నకోడలి కాగితాన్ని తిప్పి చూసింది. పోయిన నెల అచ్చేసిన బొద్దింకల మందు కరపత్రం. వెల్లకిలా పడిన బొద్దింక బొమ్మ అరపేజీ ఉంది. ఆకు సరిగ్గా దాని మీసాల వెనకే గీసి ఉంది.

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయి, లోపల ఏదో చల్లగా పరుచుకుంది. ప్రూఫ్‌లో అంచు పొడుగునా ఆకులు దగ్గర దగ్గరగా పడతాయి. మసక మీద మసక చేరుతుంది. మేడమ్ చూస్తుంది. ఇదేం మురికండీ, అంటుంది. అప్పుడు తన తీగ ఉంటుంది, కడిగిన ముత్యంలా. తను ఒక్క మాట కూడా అననక్కర్లేదు.

రుద్దిన పేజీ మూసేసింది. కాగితాన్ని ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టింది.

"ఎలా ఉందక్కా?" అంది చిన్నకోడలు వస్తూనే.

"బాగుంది."

"నిజంగానా?"

"బాగుందన్నాను కదా."

మర్నాడు మిషన్ బాబాయి రెండు ప్రూఫులూ మందపాటి కాగితం మీద తీసి మామగారి బల్ల మీద పరిచాడు. సబ్బుల మేడమ్ వచ్చి బల్ల ముందు కూర్చుంది. కోడళ్ళిద్దరూ అద్దం తలుపు దగ్గర నిలబడ్డారు. పెద్దకోడలు అనుకున్నట్టే మసక తేలింది. ఆకుపచ్చ ఆకుల వెనక, ఇంకా లేత ఆకుపచ్చగా, అంచు పొడుగునా సన్నని వంపు గీతలు.  ఇప్పుడు అంటుంది, ఇప్పుడు అంటుంది అని పెద్దకోడలు మేడమ్ పెదాల వంకే చూసింది.

మేడమ్ ముందు తీగ చూసింది. "ఇదీ బాగుంది. ఎక్కడో చూసినట్టుంది," అంది.

తర్వాత ఆకు ప్రూఫ్ కళ్ళ దగ్గరికి తీసుకుంది. చాలాసేపు చూసింది.

"ఆకు సరే, దాని వెనక ఈ నీడలు చూశారా. కొత్తగా మొలకలు వేస్తున్నట్టు గాల్లోకి ఎలా సాగాయో. పైకి కనపడీ కనపడనట్టు. ఇంత సున్నితంగా ఎవరు ఆలోచిస్తారండీ."

చిన్నకోడలు తెల్లబోయింది. "అది... దానంతటదే వచ్చిందండీ," అంది.

"చూశారా ఆ వినయం," అంది మేడమ్. "నా సబ్బు కూడా అలాగే ఉంటుందమ్మా. వాసన ఉందా లేదా అన్నట్టు ఉంటుంది."

పెద్దకోడలికి నమ్మబుద్ధి కాలేదు. మురికిని మెచ్చుకుంటోంది ఈవిడ. తను ఏళ్ళ తరబడి ఒక్కో మచ్చా తుడిచి, ఒక్కో ఆకూ తిప్పి పెట్టిన తీగను ఎక్కడో చూసినట్టుందట. అదైనా తట్టుకునేదేమో. అప్పుడే మామగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. తుడుచుకుని, మీసం సర్దుకుని, ఆ మాట అన్నారు.

"ఇది మా చిన్నమ్మాయి చేతి పని."

"అది మొలక కాదు," అంది పెద్దకోడలు. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "బొద్దింక మీసం."

గదిలో అందరూ ఆమె వంక తిరిగారు. ఆమె అప్పటికే లోపలికి వెళ్ళింది. ఆకు గీసిన కాగితం తెచ్చి, కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, పక్కన ప్రూఫ్ పట్టింది. ఆకు వెనక బొద్దింక వెల్లకిలా పడి, మీసాలు చాపుకుని హాయిగా ఉంది. ప్రూఫ్‌లో అవే మీసాలు బారులు తీరాయి.

మేడమ్ ప్రూఫ్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని, అది పాకుతుందేమో అన్నట్టు బల్ల మీద వదిలేసింది. "నా సబ్బు పెట్టె మీద బొద్దింకా," అంది చాలా నెమ్మదిగా.

"అదీ చచ్చినది," అన్నాడు మిషన్ బాబాయి. మామగారు ఆయన వంక ఒక చూపు చూశారు. ఆయన మిషన్ దగ్గర పనుందని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత జరిగింది పెద్దకోడలు అనుకోనిది. మేడమ్ లేచి వచ్చి ఆమె చేయి పట్టుకుంది. "బతికించావమ్మా. పెట్టెలన్నీ అచ్చయ్యాక ఎవరైనా చెప్పుంటే నేనేమైపోయేదాన్ని." మామగారికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. "మా పెద్దమ్మాయి కన్నండీ అది. దాన్ని దాటి ఏదీ పోలేదు," అన్నారు. చిన్నకోడలు కళ్ళనిండా నీళ్ళు తిరుగుతుంటే, "నా పరువు నిలబెట్టారక్కా," అంది.

ఎన్నాళ్ళుగానో ఆశపడ్డ మెప్పు ఒక్కసారే మూడువైపుల నుంచీ వచ్చి మీద పడింది. ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పైగా మేడమ్ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆకు మాత్రం అదే కావాలండీ. బొద్దింక లేకుండా," అని చెప్పి మరీ వెళ్ళింది.

డిజైన్ గదిలో ఇద్దరే మిగిలారు. చిన్నకోడలు ఆకు కాగితాన్ని మళ్ళీ స్కానర్ మీద బోర్లించి, ఏం చేయాలో తెలియక నిలబడింది. పెద్దకోడలు సొరుగు లాగి, అడుగు నుంచి నల్ల అట్ట తీసింది. ప్రాణం ఉసూరుమంది. అయినా తీసింది.

"ఇది వెనక కప్పి స్కాన్ చెయ్యి. అవతలి అచ్చు తేలదు."

చిన్నకోడలు అట్టను చూసి, "ఇదా?" అంది. "ఇది గాజు మీద గీతలు పడకుండా పెడతారనుకున్నాను. మీరు అందులో మర్చిపోయినప్పుడల్లా నేనే తీసి మీ సొరుగులో అడుగున పెట్టేదాన్ని కదా. మీరు అడుగునే పెట్టుకుంటారని."

పెద్దకోడలు కుర్చీలో కూర్చుండిపోయింది. సగం మెట్ల మీది నుంచి ఎన్నిసార్లు దిగి వచ్చింది. ఎంత మురిసిపోయింది.

స్కానర్ వెలుతురు మూత కింద నెమ్మదిగా జరిగింది. ఆకు తెర మీదికి వచ్చింది, తెల్లటి తెలుపు మీద ఒంటరిగా. చిన్నకోడలు దాన్నే చూస్తూ అడిగింది.

"నిన్న నేను చూడమన్నప్పుడు ఇది మీకు కనపడలేదా అక్కా?"

లేదంటే సరిపోయేది. చూసినవాళ్ళు లేరు, రుద్దిన పేజీ కూడా లేదు. కానీ పొద్దుటి నుంచీ చేయి పట్టుకున్నవాళ్ళూ, కన్ను పొగిడినవాళ్ళూ ఆమెను ఊపిరాడకుండా చేశారు.

"కనపడింది."

చిన్నకోడలి చేయి మౌస్ మీద ఆగిపోయింది. ముఖంలో రంగు మారింది. 

"మరి ఇవాళ ఎందుకు చెప్పారు?"

"ఆవిడ మెచ్చుకుంది కదా. మామయ్య కూడా అలా అన్నారు. ఓర్చుకోలేకపోయాను."

"అంటే... ఆవిడ తిట్టి ఉంటే ఊరుకునేవారా?"

"ఊరుకునేదాన్ని. నా తీగ చూపించేదాన్ని."

చిన్నకోడలు కుర్చీ తెర వైపు తిప్పుకుంది. పెద్దకోడలు ఆ వీపు వంక చూస్తూ కూర్చుంది. ఏడుస్తుందనుకుంది, పైకెళ్ళి అత్తగారితో చెబుతుందనుకుంది. రెండూ జరగలేదు. ఆ పిల్ల ఆకును బ్రష్‌గా చేయమని నొక్కగానే, ఎప్పటిలాగే పేరు అడుగుతూ చిన్న పెట్టె తెరుచుకుంది.

"అత్తయ్యకు దువ్వెన ఉంది, మామయ్యకు మీసం ఉంది," అంది చిన్నకోడలు, వెనక్కి తిరగకుండానే. గొంతు ఇంకా బిరుసుగానే ఉంది. "మీ పేర ఏం పెట్టాలో ఇన్నాళ్ళూ నాకు తోచలేదు. మీరు మరీ మంచివారని."

టకటకా కొట్టింది. 'అక్క కుళ్ళు.'

పెద్దకోడలు ఆ రెండు మాటలూ చదివింది. చెవులు వేడెక్కాయి. "మామయ్య చూస్తారు," అంది.

"చూడనివ్వండి. ఏంటమ్మా అని అడిగితే మీరే చెప్పండి."

"తీసెయ్యి."

"తీయను."

పెద్దకోడలు కుర్చీ ముందుకు లాక్కుని, "ఇలా ఇవ్వు," అని మౌస్ అందుకుంది. తెల్ల పేజీ తెరిచి ఆ బ్రష్‌ను ఒకేచోట ఆపకుండా రుద్దింది. మచ్చ లేదు, మసక లేదు. "కొత్తది చేసినప్పుడల్లా ఇలా రుద్ది చూసుకో," అంది. చిన్నకోడలు తల ఊపింది.

సాయంత్రం మామగారు పిలిచి ఆల్బమ్ చేతికిచ్చారు. "నువ్వే మార్చమ్మా, నీ చెయ్యైతే వంకర రాదు." ఆమె తీగను మొదటి పేజీ కవరులోంచి జాగ్రత్తగా తీసి, నలిగిన మూలలు వేలితో సరిచేసి, రెండో పేజీలో పెట్టింది. మొదటి దాంట్లోకి ఆకును జారవిడిచింది. మూల దగ్గర ఆ నొక్కు ఆకు ఎవరూ తిప్పకుండానే, ఎంతో ఒద్దికగా, అంచుతో పాటు తిరిగింది. ఎంతసేపు చూసినా ఎక్కడా వంక దొరకలేదు. మళ్ళీ మొదటి నుంచీ వెతికింది.

ఆల్బమ్ మూసి మామగారి బల్ల మీద పెట్టింది. రేపు ఎవరైనా వచ్చి దాన్ని తెరిపిస్తే, రెండో పేజీ దాకా తిప్పుతారో లేదో అనుకుంటూ మెట్లెక్కింది. ఈసారి నల్ల అట్ట స్కానర్‌లోనే వదిలేసింది. సగం మెట్ల మీద గుర్తొచ్చింది. దిగలేదు.